సర్వర్ నెమ్మదిగా ఉందంటే స్పీడ్ టెస్ట్ ఫొటో పంపకండి

విశాఖపట్నంలో వ్యాపార సంస్థలకు ఇంటర్నెట్ కనెక్షన్లు ఇస్తున్న సంస్థల నిర్వాహకులకు నమస్కారం.

నేను ఈ నగరంలో చిన్న, మధ్యతరహా సంస్థల కంప్యూటర్లు, నెట్‌వర్కులు చూసుకునే టెక్నీషియన్‌ని. పోర్టు ప్రాంతంలోని క్లియరింగ్ ఏజెంట్లు, ఆటోనగర్‌లో యంత్రభాగాలు తయారు చేసేవాళ్లు, ద్వారకానగర్‌లోని ఆడిటర్లు, రొయ్యలు ఎగుమతి చేసే వ్యాపారులు నన్ను పిలుస్తుంటారు. ఒకప్పుడు వాళ్ల ఆఫీసుల్లోనే ఒక మూల సర్వర్ ఉండేది. ఇప్పుడు చాలామంది దాన్ని ముంబయిలోనో హైదరాబాద్‌లోనో ఒక డేటా సెంటర్‌లో అద్దెకు తీసుకున్నారు. గుమాస్తా ఇక్కడ కూర్చుంటాడు, లెక్కల సాఫ్ట్‌వేర్ అక్కడ నడుస్తుంది, మధ్యలో మీ తీగ ఉంటుంది. ఆ తీగ మీద జరుగుతున్న దాని గురించే ఈ లేఖ.

ఏ ఒక్క సంస్థనూ వేలెత్తి చూపడం నా ఉద్దేశం కాదు, అందుకే ఎవరి పేరూ రాయడం లేదు. మీలో దాదాపు అందరికీ ఉన్న ఒక అలవాటు గురించి రాస్తున్నాను. రిమోట్ సర్వర్ నెమ్మదిగా ఉందని ఖాతాదారు కంప్లయింట్ ఇస్తాడు. మీ కుర్రాడు వస్తాడు. రూటర్ పక్కన నిలబడి ఫోనులో స్పీడ్ టెస్ట్ పెడతాడు. మంచి అంకె వస్తుంది. దాన్ని ఫొటో తీసి వాట్సాప్‌లో పంపి, "మా లైను బాగుంది, మీ సర్వర్ చూసుకోండి" అని చెప్పి వెళ్తాడు. కాసేపటికి టికెట్ మూసేసినట్టు మెసేజ్ వస్తుంది. ఆ కుర్రాడిని నేను తప్పు పట్టను. అతనికి నేర్పింది అంతే, అతని పనిని లెక్కగట్టేదీ రోజుకు ఎన్ని టికెట్లు మూశాడన్న దాన్ని బట్టే. మార్చవలసింది మీరు.

పోర్టు దగ్గర ఒక క్లియరింగ్ ఏజెన్సీ సంగతి చెబుతాను. వాళ్ల సర్వర్ ముంబయిలో ఉంది. ఉద్యోగులందరూ రిమోట్ డెస్క్‌టాప్‌తో (దూరంలోని యంత్రం తెరను ఇక్కడ చూస్తూ పనిచేసే పద్ధతి) దానిలోకి వెళ్లి బిల్ ఆఫ్ ఎంట్రీలు (దిగుమతికి కస్టమ్స్‌కు ఇచ్చే పత్రాలు), షిప్పింగ్ బిల్లులు (ఎగుమతికి ఇచ్చేవి) తయారు చేస్తారు. దిగుమతి సరుకుకు బిల్ ఆఫ్ ఎంట్రీని సాధారణంగా ఓడ వచ్చే రోజుకు ముందు రోజు ముగిసేలోగా దాఖలు చేయాలి. ఆలస్యమైతే మొదటి మూడు రోజులూ రోజుకు 5,000 రూపాయలు, ఆ తర్వాత రోజుకు 10,000 రూపాయలు కట్టాలి. అందుకే ఆ ఆఫీసులో సాయంత్రం ఐదు నుంచి ఎనిమిది దాకా ఊపిరి సలపదు. సరిగ్గా ఆ వేళకే తెర మొరాయిస్తుంది. అక్కడి సీనియర్ అకౌంటెంటు ఒకావిడ నాకు చూపించారు. దిగుమతిదారు పేరు టైపు చేసి కీబోర్డు మీద నుంచి చేతులు తీసేశారు. ఇద్దరం తెర వైపే చూస్తున్నాం. కాసేపు ఏమీ లేదు. తర్వాత పేరంతా ఒక్కసారిగా వచ్చి పడింది. "ఎక్కడ తప్పు కొట్టానో అంతా వచ్చాక గానీ తెలియదండి. సుంకం అంకెలో ఒక సున్నా ఎక్కువ పడితే ఎవరిని అడుగుతారు, నన్నే కదా?" అన్నారు. ఆవిడ భయానికి స్పీడ్ టెస్ట్ ఫొటోలో సమాధానం లేదు.

ఇలాంటి చోట నేను ముందు కేబుల్ ముట్టుకోను, ప్రశ్నలు అడుగుతాను. నెమ్మది అందరికీనా, ఒక్కరికేనా? రోజంతానా, ఒక వేళకేనా? టైపింగ్‌లోనా, రిపోర్టులోనా, ప్రింటులోనా? ఒక్కరికే అయితే అతని కంప్యూటరో, గోడ అవతల నుంచి అందీ అందని వైఫైయో కారణం కావచ్చు. టైపింగ్ చక్కగా ఉండి నెలాఖరు రిపోర్టు మాత్రమే కదలకపోతే సర్వర్ డిస్కునో డేటాబేస్‌నో చూడాలి. ప్రింటు ఒక్కటే ఆలస్యమైతే, ముంబయిలో తయారైన పెద్ద ప్రింట్ ఫైలు ఇక్కడి ప్రింటరు దాకా రావడానికే ఆ సమయమంతా పడుతోందన్నమాట. అందరికీ, ఒకే వేళకు, టైపింగ్‌లోనే తేడా వస్తుంటే అప్పుడు దారిని అనుమానించాలి. ఇక్కడ సరిగ్గా అదే. అయినా ముందు సర్వర్‌నే చూశాను. సాయంత్రం రద్దీ వేళలో కూడా ప్రాసెసర్ చాలావరకు ఖాళీగానే ఉంది, మెమరీ మిగిలే ఉంది, డిస్కు ముందు క్యూ లేదు. అదే డేటా సెంటర్‌లోని మరో యంత్రం నుంచి లోపలికి వెళ్తే తెర ఠక్కున కదిలింది. సర్వర్‌ను నిందించడానికి ఇక ఏమీ మిగలలేదు.

స్పీడ్ టెస్ట్ కొలిచేది ఒకటి, ఆ అకౌంటెంటు పడుతున్న ఇబ్బంది మరొకటి. మామూలు ఆఫీసు పనికి రిమోట్ డెస్క్‌టాప్ ఒక్కో ఉద్యోగికి ఒకటి రెండు ఎంబీపీఎస్ కన్నా ఎక్కువ అడగదు. అది అడిగేది వేరే ఉంది. కొట్టిన కీ ముంబయి వెళ్లి, మారిన తెర తిరిగి వచ్చేదాకా పట్టే సమయం తక్కువగా ఉండాలి, ప్రతిసారీ ఒకేలా ఉండాలి, దారిలో ప్యాకెట్లు, అంటే డేటా ముక్కలు, పడిపోకూడదు. లేటెన్సీ, జిట్టర్, ప్యాకెట్ లాస్ అని మనం రోజూ అనుకునేవి ఇవే. మీ కుర్రాడు తీసిన ఫొటోలో లాస్ సాధారణంగా కనిపించదు, లేటెన్సీ కనిపించినా అది ముంబయికి పట్టేది కాదు. స్పీడ్ టెస్ట్ చాలాసార్లు మీ సొంత నెట్‌వర్కులోనో, దగ్గరి నగరంలోనో ఉన్న సర్వర్‌ను ఎంచుకుంటుంది. ఒకేసారి అనేక కనెక్షన్లు తెరుస్తుంది కాబట్టి ఒకదాంట్లో ప్యాకెట్లు పోయినా మిగతావి ఆ లోటు కప్పేస్తాయి. కొద్ది సెకన్లలో ముగిసిపోతుంది. మీ గేటు దాటాక ఏం జరుగుతోందో, సాయంత్రం ఆరున్నరకు ఏం జరుగుతోందో దానికి తెలియదు.

అయినా ఆ అంకెను చదవడం తెలిస్తే దానిలోనూ కొంత సమాచారం ఉంటుంది. 200 ఎంబీపీఎస్ ప్లాన్ ఉన్న ఆఫీసులో, తీగతో కలిపిన కంప్యూటర్ మీద ఎన్నిసార్లు చూసినా 94 దగ్గరే ఆగిపోతుంటే, మధ్యలో ఎక్కడో ఒక పోర్టు 100కు పడిపోయిందని అర్థం. గిగాబిట్‌కు కేబుల్‌లోని నాలుగు జతల వైర్లూ కావాలి. ఒక్క జత తెగినా చాలా పరికరాలు చడీచప్పుడు లేకుండా 100కు దిగిపోతాయి. ఇది చాలాచోట్ల నాకు ఎదురైంది. అలాంటి ఫొటోనే "లైను బాగుంది" అనడానికి రుజువుగా పంపించారు కూడా.

దూరం సంగతి మీకు తెలియనిది కాదు. ఫైబర్‌లో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు వెళ్తుంది. ఇక్కడి నుంచి ముంబయికి ఫైబర్ దారి 1,500 కిలోమీటర్లు అనుకున్నా, వెళ్లి రావడానికి 15 మిల్లీసెకన్లు చాలు. మధ్యలో రూటర్లు, వంకర దారులు కలుపుకొని 30, 35 వచ్చినా ఎవరూ ఫిర్యాదు చేయరు. 100 లోపు ఆలస్యాన్ని టైపు చేసే మనిషి పెద్దగా గమనించడు. ఆ ఆఫీసులోనూ పొద్దున పూట అలాగే ఉండేది. పదకొండు దాటాక ఒక రకం తేడా, సాయంత్రం మరో రకం తేడా కనిపించాయి. రెండింటికీ కారణాలు వేరు. ఒక్క పూట వచ్చి ఒక్క కొలత తీసుకొని వెళ్లేవారికి ఈ రెండూ కలగలిసి కనిపిస్తాయి, లేదా రెండూ కనిపించవు.

పదకొండు దాటాక వచ్చే తేడాకు కారణం మీరు కాదు, ఆ ఆఫీసే. ఆ వేళకు ఇన్వాయిసులు, ప్యాకింగ్ లిస్టులు, బిల్ ఆఫ్ లేడింగ్‌లు స్కాన్ చేసి ఒక్కసారిగా పైకి పంపుతారు. సీసీ కెమెరాల రికార్డింగ్ కూడా అప్పుడే క్లౌడ్‌లోకి ఎక్కుతోంది. అప్‌లోడ్ 10 ఎంబీపీఎస్ ఉన్న చోట రూటర్ ఒక మెగాబైటు దాకా క్యూలో పెట్టుకుంటే, ఆ క్యూ ఖాళీ కావడానికి 0.8 సెకను పడుతుంది. ఆ వెనకే వచ్చిన ఒక్క కీ ప్యాకెట్టు కూడా అంతసేపూ ఆగాల్సిందే, పోర్టు రోడ్డులో బారులు తీరిన ట్రైలర్ల వెనుక చిక్కుకున్న సైకిల్‌లా. లైను బాగానే ఉంటుంది, ప్యాకెట్ ఒక్కటీ పోదు, పని మాత్రం ఆగిపోతుంది. దీనికి మందు ఎక్కువ ఎంబీపీఎస్ కొనడం కాదు. చిన్న ప్యాకెట్లకు వెంటనే దారి ఇచ్చే క్యూ పద్ధతులు ఎప్పుడో వచ్చాయి, ఎఫ్‌క్యూ-కోడెల్ అనేది 2018లోనే ఆర్‌ఎఫ్‌సీ 8290 అనే సాంకేతిక పత్రంగా ప్రచురితమైంది. ఆ సదుపాయం ఉన్న రూటర్ పెట్టి, అప్‌లోడ్‌ను లైను సామర్థ్యంలో 90 శాతం దగ్గర కట్టడి చేసి, కెమెరాల బ్యాకప్‌ను రాత్రికి మార్చాను. పగటి పూట సమస్య తీరిపోయింది.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, ప్రతి కంప్లయింట్‌కూ మీరే కారణమని నేను అనడం లేదు. ఆఫీసుల్లో తప్పులు చాలా ఉంటాయి. కానీ ఒక్క మాట. మీరు ఇచ్చే రూటర్లలో ఈ క్యూ సదుపాయం ఉన్నవి చాలా తక్కువ. వ్యాపార ప్లాన్ అని చెప్పి అమ్మేటప్పుడు అప్‌లోడ్ ఎంతో కరపత్రంలో కనబడేలా రాసేవాళ్లూ తక్కువే. పెద్ద అక్షరాల్లో ఉండేది డౌన్‌లోడ్ అంకె. క్లియరింగ్ ఏజెంటుకు, ఆడిటరుకు, డయాగ్నొస్టిక్ సెంటరుకు రోజంతా పైకి వెళ్లేదే ఎక్కువ.

సాయంత్రం తేడా మాత్రం మీ వైపుది. అప్పుడు ఆఫీసులో అప్‌లోడ్ దాదాపు ఖాళీగా ఉన్నా, ముంబయికి పంపిన ప్యాకెట్లలో వందకు రెండు మూడు తిరిగి రావడం లేదు. ఆఫీసు రూటర్ దాకా లాస్ సున్నా. మీ నెట్‌వర్కులో రెండో మజిలీ (దారిలోని రెండో రూటర్) దాటగానే మొదలై, సర్వర్ దాకా ప్రతి మజిలీలోనూ అంతే శాతం కొనసాగింది. నా తోటి టెక్నీషియన్లు కూడా ఈ విషయం గమనించాలి: ఎంటీఆర్‌లో (దారిలోని ప్రతి మజిలీకీ పింగ్‌లు, అంటే పరీక్ష ప్యాకెట్లు, పంపి లాస్, ఆలస్యం చూపే సాధనం) మధ్య మజిలీ ఒక్కటే లాస్ చూపించి, ఆ తర్వాతివన్నీ శుభ్రంగా ఉంటే అది లాస్ కాదు. ఆ రూటర్ పింగ్‌లకు జవాబిచ్చే పనిని వెనక్కి నెట్టి, అసలు ట్రాఫిక్‌ను మామూలుగానే పంపుతోంది. ఆ ఎర్ర అంకె చూసి ప్రొవైడర్ మీద విరుచుకుపడితే మన మాటకు విలువ పోతుంది. చివరి మజిలీ దాకా కొనసాగే లాస్‌నే లెక్కలోకి తీసుకోవాలి. ఇంకో సంగతి, వెళ్లే దారి, వచ్చే దారి ఒకటే కానవసరం లేదు. అందుకే సర్వర్ వైపు నుంచి ఆఫీసు వైపుకు కూడా అదే వేళ కొలిచాను. రెండు వైపులా చూస్తేనే చిత్రం పూర్తవుతుంది.

రెండు మూడు శాతమే కదా అనిపించవచ్చు. అది ఎందుకు చిన్న విషయం కాదో తెలియాలంటే ఒక పాత సంగతి చెప్పాలి. 1986 అక్టోబరులో అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలకు, బర్క్‌లీ విశ్వవిద్యాలయానికి మధ్య దూరం 400 గజాలు. ఆ కాస్త దూరంలో, లింకులు కిక్కిరిసిపోయి, డేటా వేగం సెకనుకు 32 వేల బిట్ల నుంచి 40 బిట్లకు పడిపోయింది. ఆ దెబ్బతో నెట్‌వర్క్ పరిశోధకుడు వాన్ జాకబ్‌సన్ 1988లో టీసీపీకి (ఇంటర్నెట్‌లో డేటాను నమ్మకంగా చేరవేసే నియమావళికి) కొత్త నడక నేర్పారు: ప్యాకెట్ పోయిందంటే దారి నిండిందని భావించి వేగం తగ్గించుకోవాలి. ఇంటర్నెట్ మళ్లీ కుప్పకూలకుండా నిలిచింది ఆ క్రమశిక్షణ వల్లే. దాని ఫలితం ఏమిటంటే, కొద్దిపాటి లాస్ కూడా ఒక కనెక్షన్ గొంతు నొక్కేస్తుంది. 1997లో పరిశోధకులు ఇచ్చిన సూత్రం ప్రకారం లెక్కేస్తే, వెళ్లి రావడానికి 40 మిల్లీసెకన్లు పట్టే దారిలో ఒక్క శాతం లాస్ ఉంటే, ఒక మామూలు టీసీపీ కనెక్షన్‌కు దక్కేది దాదాపు మూడున్నర ఎంబీపీఎస్. మీరు అమ్మింది వంద కావచ్చు, వెయ్యి కావచ్చు, ఆ కనెక్షన్‌కు తేడా లేదు. ఈ మధ్య వచ్చిన పద్ధతులు దీన్ని కొంత తట్టుకుంటాయి గానీ, పాత విండోస్ సర్వర్లు నడిపే ఆఫీసులు ఇంకా చాలా ఉన్నాయి. ఇక తెర విషయానికి వస్తే, పోయిన ప్యాకెట్ తిరిగి వచ్చేదాకా దాని వెనకవన్నీ ఆగాలి. ఆ అకౌంటెంటు తెర మీద పేరంతా ఒక్కసారిగా వచ్చి పడింది ఇందుకే.

ఇన్ని కొలతలూ, గ్రాఫులూ ఆ ఇంటర్నెట్ సంస్థకు పంపాం. జవాబుగా మళ్లీ స్పీడ్ టెస్ట్ ఫొటోనే వచ్చింది. టికెట్ మూశారు, మేము మళ్లీ తెరిచాం, మళ్లీ మూశారు. ఫోను ఎత్తిన ప్రతి కొత్త మనిషికీ మొదటి నుంచి చెప్పాలి. "రూటర్ ఒకసారి ఆపి, మళ్లీ ఆన్ చేయండి" అనే సలహాను ఆ ఆఫీసు యజమాని పళ్లబిగువున పాటిస్తూ వచ్చారు. చివరికి ఎవరో తెలిసినవారి ద్వారా ఆ గ్రాఫు అదే సంస్థలోని ఒక సీనియర్ ఇంజినీరు చేతికి చేరింది. ఆయన చూడగానే విషయం పట్టేశారు. ఆ ప్రాంతం నుంచి బయటికి వెళ్లే లింకు సాయంత్రం పూట నిండిపోతోందని చెప్పి, కొంత ట్రాఫిక్‌ను మరో లింకు మీదికి మళ్లించారు. ఆ రాత్రికే లాస్ పోయింది. ఆయనకు నేను నిజంగా రుణపడి ఉన్నాను. నన్ను బాధపెట్టేది మరొకటి. మరమ్మతుకు పట్టింది కాసేపే, ఆయన దగ్గరికి చేరడానికే మిగతా కాలమంతా పోయింది. పరిచయాలు లేని ఖాతాదారు ఆ మనిషి దాకా ఎలా చేరతాడు?

ఆటోనగర్‌లో ఇంకొక చోట రోగం వేరు. ప్రొవైడర్‌ను మార్చిన మర్నాటి నుంచి వీపీఎన్ (ఇంటర్నెట్ మీదుగా సర్వర్ దాకా వేసే రహస్య దారి) కలుస్తుంది, పాస్‌వర్డ్ తీసుకుంటుంది, తర్వాత తెర నల్లగా ఉండిపోతుంది. పింగ్ బ్రహ్మాండంగా ఉంది, స్పీడ్ టెస్ట్ అంతకన్నా బాగుంది. మామూలు ఈథర్‌నెట్ ప్యాకెట్ 1,500 బైట్లు. పీపీపీఓఈ (యూజర్ నేమ్, పాస్‌వర్డ్‌తో కలిసే పద్ధతి) కనెక్షన్‌లో దాని తలకట్టుకు 8 బైట్లు పోగా 1,492 మిగులుతుంది, వీపీఎన్ మరికొంత తింటుంది. ముక్కలు చేయొద్దన్న గుర్తుతో పింగ్ పంపితే 1,464 దాకా (పింగ్ సొంత తలకట్టు 28 కలిపితే 1,492) వెళ్లింది, 1,472 పంపితే నిశ్శబ్దం. పెద్ద ప్యాకెట్ పట్టని చోట రూటర్ "ఇది పెద్దది, చిన్నది పంపు" అని ఐసీఎంపీలో (రూటర్లు లోపాలు తెలిపే సందేశ పద్ధతి, పింగ్ కూడా దానిలోదే) జవాబివ్వాలి. భద్రత పేరుతో దారిలో ఎవరో ఆ రకం ఐసీఎంపీ సందేశాన్ని ఆపేశారు. చిన్న ప్యాకెట్లతో సరిపోయే లాగిన్ నడిచింది, పెద్ద ప్యాకెట్లు కావలసిన తెర రాలేదు. రూటర్‌లో ఎంఎస్‌ఎస్ (ఒక్కో ప్యాకెట్‌లో పెట్టే డేటా పరిమితి) తగ్గించి పని నడిపించాను. మీ నెట్‌వర్కుల్లో ఆ ఒక్క రకం ఐసీఎంపీ సందేశాన్ని దయచేసి ఆపకండి. అలాగే రిమోట్ డెస్క్‌టాప్ 2012లో వచ్చిన ఎనిమిదో వెర్షన్ నుంచి యూడీపీ (పోయిన ప్యాకెట్ కోసం మిగతావాటిని ఆపని పద్ధతి) కూడా వాడుకుంటుంది. లాస్ ఉన్న దారిలో తెర కదలడానికి అదే ఆధారం. యూడీపీని అనుమానంతో చూసి కత్తిరించే పరికరాలు మీ దగ్గర ఉంటే, వ్యాపార కనెక్షన్లకు వాటిని తప్పించండి. రిమోట్ డెస్క్‌టాప్ వాడే 3389 పోర్టును నేరుగా ఇంటర్నెట్‌కు తెరిచి పెట్టకుండా వీపీఎన్ వెనక ఉంచే బాధ్యత మాది.

ఒకే పబ్లిక్ చిరునామాను వందలమందికి పంచే సీజీనాట్ గురించి కూడా ముందే చెప్పండి. భోజనానికి వెళ్లి వచ్చేసరికి సెషన్ తెగిపోయి ఉంటే, తప్పు సర్వర్‌దేనని ఆఫీసంతా నమ్ముతుంది. ఏ పనీ లేని కనెక్షన్‌ను మీ పరికరం జాబితాలోంచి తీసేసిందని వాళ్లకు ఎవరు చెబుతారు?

ఇక తీగ దారి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఈ నగరాన్ని ఎలా ఊడ్చేసిందో, కరెంటూ ఫోనూ లేక మనం ఎలా గడిపామో మీకూ గుర్తుంటుంది. ఆ తర్వాత నగరంలో చాలాచోట్ల కరెంటు తీగలు భూమిలోకి వెళ్లాయి. ఇంటర్నెట్ తీగలు మాత్రం ఇంకా ఎన్నో వీధుల్లో స్తంభాల మీదే వేలాడుతున్నాయి. కంచరపాలెం వైపు ఒక ఖాతాదారు జాగ్రత్తపరుడు. ఒక లైను పోయినా రెండోది ఉంటుందని రెండు వేర్వేరు సంస్థల నుంచి కనెక్షన్లు తీసుకున్నారు. ఒక లారీ ఎత్తైన లోడుతో వీధిలోకి మలుపు తిరిగింది. రెండూ ఒకేసారి పోయాయి. బయటికి వెళ్లి చూస్తే రెండు సంస్థల నల్లటి తీగలూ ఒకే స్తంభానికి, ఒకే ప్లాస్టిక్ టై కింద కట్టి ఉన్నాయి. రెండో కనెక్షన్ అమ్మిన వ్యక్తి ఆ స్తంభం కింద నిలబడే ఫారం నింపించుకుని ఉంటాడు. తీగ ఏ దారిన వస్తుందో వ్యాపార ఖాతాదారుకు రాతపూర్వకంగా చెప్పడానికి అభ్యంతరం ఏముంది? ఫైబర్ వచ్చి చేరే పెట్టె దగ్గర సిగ్నల్ ఎంత ఉందో కూడా బిగించిన రోజే రాసివ్వండి. జీపాన్‌లో (ఒకే ఫైబర్‌ను పలువురికి పంచే పద్ధతి) మైనస్ 27 డీబీఎంకు (కాంతి బలానికి కొలత, మైనస్ పెరిగేకొద్దీ బలహీనం) అటూ ఇటూగా ఉన్న లైను ఆ రోజుకు పనిచేస్తుంది, బీరువా వెనక ఫైబర్ కొంచెం నలిగినా, బయటి కనెక్టర్‌లో దుమ్ము చేరినా తడబడుతుంది. మైనస్ 20 దగ్గర ఉండే లైనుకు ఆ వెసులుబాటు ఉంటుంది.

నేను అడుగుతున్నవేవీ కొత్తవి కావు. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2006లోనే బ్రాడ్‌బ్యాండ్ నాణ్యతా నిబంధనల్లో ప్యాకెట్ లాస్ ఒక్క శాతం లోపు ఉండాలని, రద్దీ వేళల్లో కూడా లింకుల వాడకం 80 శాతం దాటకూడదని చెప్పింది. ఒకే బ్యాండ్‌విడ్త్‌ను ఎంతమందికి పంచవచ్చో 2009లో చెబుతూ ఇళ్లకు ఒకటికి యాభై, వ్యాపారాలకు ఒకటికి ముప్పై అంది. 2024లో వచ్చిన కొత్త నిబంధనల్లోనూ లేటెన్సీ, ప్యాకెట్ డ్రాప్ కొలమానాలుగా ఉన్నాయి. నియంత్రణ సంస్థకు మీరు నివేదించే ఈ అంకెలు, నెలనెలా బిల్లు కట్టే ఖాతాదారుతో చేసుకునే ఒప్పందంలో ఎందుకు కనిపించవు? ఒప్పందంలో ఉండేది "గరిష్ఠంగా ఇన్ని ఎంబీపీఎస్" అన్న ఒక్క వాక్యం.

కాబట్టి మొదటి కోరిక ఇది. నెమ్మది గురించిన టికెట్‌ను ఒక్క స్పీడ్ టెస్ట్‌తో మూయకండి. ఖాతాదారు వాడే సర్వర్ చిరునామా అడిగి తీసుకోండి. మీ వైపు నుంచి ఆ చిరునామాకు కనీసం ఒక పూర్తి పని దినం లాస్, లేటెన్సీ కొలవండి, అందులో సాయంత్రం తప్పనిసరిగా ఉండాలి. ఆ గ్రాఫు ఖాతాదారుకు ఇచ్చి, ఆయన సరేనన్నాకే మూయండి. ఇందుకు కొత్త యంత్రాలు అక్కర్లేదు, ఒక చిన్న కంప్యూటర్, ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్ చాలు.

దీనికంటే ముఖ్యమైనది మనుషుల దాకా దారి. వ్యాపార కనెక్షన్ తీసుకున్నవారికి, ఎంటీఆర్ నివేదిక చదవగలిగిన ఇంజినీరు దాకా కంప్లయింట్ చేరే ఒక నిర్ణీత మార్గం ఉండాలి. ఏ పరిచయమూ అవసరం లేకుండా చేరాలి. మేము మా వంతుగా వైఫై మీద తీసిన కొలతలు పంపం. తీగతో కలిపిన యంత్రం నుంచి, రెండు వైపులా, వేళలతో సహా తీసి, మా ఆఫీసు అప్‌లోడ్ అప్పుడు ఎంత ఉందో కూడా జతచేసి పంపుతాం. ఇంత శ్రమపడి వచ్చిన కాగితాన్ని ఎవరో ఒకరు చదవాలి కదా.

ఒప్పందంలో మీ గేట్‌వే దాకా లేటెన్సీ, లాస్ హామీ రాయండి. అప్‌లోడ్ ఎంతో, సీజీనాట్ ఉందో లేదో, స్థిర చిరునామా కావాలంటే ఎంత కట్టాలో అదే పేజీలో ఉండాలి. ధర కొంచెం ఎక్కువైనా తీసుకునే వ్యాపారులు ఈ నగరంలో ఉన్నారు. వాళ్లు ఇప్పుడు ఎక్కువ ఎంబీపీఎస్ కొంటున్నది ఇంకేం కొనాలో ఎవరూ చెప్పకపోవడం వల్లే.

ఇంకొకటి మీరందరూ కలిసి కూర్చుంటే తప్ప కాదు. సిరిపురంలో ఒక ఆఫీసు, గాజువాకలో దాని గోదాము, రెండింటికీ రెండు సంస్థల కనెక్షన్లు. మధ్య దూరం నగరం దాటదు. ప్యాకెట్ మాత్రం చెన్నై దాకా వెళ్లి తిరిగి వస్తోంది, నేను ట్రేస్ తీసి చూశాను. దేశంలోని ట్రాఫిక్ దేశంలోనే మారాలని 2003లో నిక్సీ (జాతీయ ఇంటర్నెట్ ఎక్స్ఛేంజ్) ఏర్పడింది. అదే ఆలోచనను నగరం స్థాయికి తీసుకురావడం మీ చేతుల్లో ఉంది. 2025 అక్టోబరులో గూగుల్ ఇక్కడ ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్లతో కృత్రిమ మేధ కేంద్రం, సముద్రగర్భ కేబుళ్ల ముఖద్వారం వస్తాయని ప్రకటించింది. ఆ కేబుళ్లు మన తీరానికి చేరే నాటికి సిరిపురం నుంచి గాజువాకకు వెళ్లే ప్యాకెట్ నగరంలోనే మలుపు తిరిగేలా చూడండి.

పోర్టు దగ్గరి ఆ ఏజెన్సీ యజమాని తన ఆఫీసు కొలతలన్నీ, పేర్లు తీసేసి, మీలో ఎవరు అడిగినా ఇవ్వడానికి ఒప్పుకున్నారు. మీ ఫీల్డ్ సిబ్బందికి ఎంటీఆర్ చదవడం, ఎంటీయూ (దారిలో పట్టే అతిపెద్ద ప్యాకెట్ పరిమాణం) పరీక్షించడం, క్యూ ఆలస్యం గుర్తించడం నేర్పాలనుకుంటే ఒక ఆదివారం వచ్చి చెప్పడానికి నేను సిద్ధం. దానికి రుసుము అక్కర్లేదు. ప్రతి నెలా 11న జీఎస్‌టీఆర్-1, 20న జీఎస్‌టీఆర్-3బీ గడువులు ఉంటాయి కాబట్టి, ఆ రెండు తేదీలకూ ముందు వారాల్లో ఆడిటర్ల ఆఫీసుల నుంచి టికెట్లు ఎక్కువ వస్తాయి. మొదలుపెట్టడానికి వచ్చే నెల మొదటి వారం బాగుంటుంది.

ఇట్లు,
విశాఖపట్నంలో చిన్న వ్యాపార సంస్థల నెట్‌వర్కులు చూసుకునే ఒక టెక్నీషియన్